నీలి చెయ్యి

మౌలాలి ఇటుకపొడితో గోళ్లు తోముకుంటున్నాడు. వేళ్ల చివర నెత్తురు వస్తున్నా ఆపడం లేదు.

"చర్మం ఒలుచుకుంటావా ఏం?" అన్నాడు అతని గురువు, ఫకీరు దావల్ షా.

మౌలాలిది నీలిమందు అద్దకం. కోట కిందే వాళ్ల వీధి. ఆ వీధికి వచ్చే కాలువను దివానుగారు తన పూలతోటకు మళ్లించుకున్నాడు. నీళ్లు లేక రంగు బానలు ఎండిపోతున్నాయి. వెళ్లి మాట్లాడి రమ్మని వీధంతా కలిసి మౌలాలిని పంపింది.

"పొద్దున వెళ్లాను బాబా. తెల్లచొక్కా అడిగి తెచ్చుకుని మరీ వేసుకున్నాను. కావలివాడు నా చేతులు చూసి, 'రంగోడివి, తివాచీలు మాసిపోతాయి, పో' అన్నాడు. అప్పుడే దివానుగారి మేనల్లుడు వచ్చాడు. ఒంటిమీద ఏముందనుకున్నారు? మొన్న నా దగ్గర కొనుక్కుపోయిన నా పాత పనిచొక్కా! ఈ ఏడు షోకిలాలందరికీ నీలిమరకల చొక్కాలే కావాలట. కావలివాడు అతనికి వంగి సలాం చేశాడు. సొమ్మొకడిది, సోకొకడిది!"

"మరి ఈ తోముడెందుకు?"

"చేతులు తెల్లబడితేనే కదా బాబా లోపలికి రానిచ్చేది."

దావల్ షా లేచి అద్దకం వీధికి నడిచాడు. ఇంకా రంగు మిగిలిన బాన దగ్గర ఆగి, రెండు చేతులూ మోచేతుల దాకా ముంచాడు. ఆకుపచ్చగా బయటికొచ్చిన చేతులు గాలి తగిలేకొద్దీ నీలమయ్యాయి.

"అయ్యయ్యో! పదిహేను రోజులైనా వదలదు బాబా!" అన్నాడు వెనకే వచ్చిన మౌలాలి.

"వదలకపోతే మరీ మంచిది. పద."

కోట గుమ్మం దగ్గర ఫకీరును చూసి కావలివాడు ఎదురొచ్చాడు. ఆయన కుడిచెయ్యి ముద్దుపెట్టుకుని కళ్లకద్దుకోవడం ఆ ఊళ్లో చిన్నా పెద్దా అందరికీ అలవాటు. వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు.

"హజ్రత్, ఈ చెయ్యి..."

"నాదే. నిన్న ముద్దుపెట్టుకున్నదే."

బజారు జనం చుట్టూ మూగారు. కావలివాడు ముద్దుపెట్టుకున్నాడు. మూతికి నీలం అంటింది.

ఫకీరు లోపలికి అడుగు పెట్టలేదు. పక్కకు జరిగి మౌలాలిని ముందుకు తోశాడు.

"పని నాకు కాదు, ఇతనికి."

కావలివాడు కదల్లేదు. మౌలాలి తన చేతులు కండువా కింద దాచుకుని ఉన్నాడు.

"నీ మూతికీ అంటింది నాయనా," అన్నాడు దావల్ షా. "తుడుచుకుంటావా, తప్పుకుంటావా?"

ఫకీరు చేతి ముద్దును అంతమంది ముందు ఎవడు తుడుచుకుంటాడు? వాడు తప్పుకున్నాడు.

మౌలాలి కండువా తీసి భుజాన వేసుకున్నాడు. చేతులు ఊపుకుంటూ తివాచీ మీద నడిచి వెళ్లాడు. కాసేపటికి అతని గొంతు బజారు దాకా వినిపించింది.

"దివానుగారూ, మా నీళ్లు మాకు కావాలి!"