బాతు కోసం ఏడ్చినవాడు

ఒకానొక రాజ్యంలో రాజు నలుగురి ముందూ ఏడ్చి మోసపోయాడు. తంటా అంతా అక్కడే మొదలైంది.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉండేది. కష్టం వచ్చినవాళ్లు పేరు చెప్పకుండా తాటాకు మీద రాసి సంతచావడి తాడుకు కట్టేవారు. చదివినవాళ్లు కింద ఉన్న బుట్టలో తోచింది వేసేవారు. రాసినవాళ్లు సాయంత్రం వచ్చి తీసుకుపోయేవారు.

ముగ్గురు పిల్లలు ఏట్లో పోయారన్న ఒక ఆకు చదివి శూరకేతన మహారాజు వెక్కి వెక్కి ఏడ్చాడు. తీరా అది రాసింది పెళ్లే కాని ఒక వీధిభాగోతులవాడని తేలింది. ఊరు పడీ పడీ నవ్వింది.

దాంతో రాజు మార్తాండశాస్త్రిని పరీక్షాధికారిగా పెట్టాడు. ఆకు అబద్ధమని శాస్త్రి తేలిస్తే, బుట్ట కోసం వచ్చినవాళ్లకు పది కొరడా దెబ్బలు.

రోజూ పొద్దున్నే రాజుకు ఆకులు చదివి వినిపించే పని పేరిందేవిది. ఆ రోజు మొదటి ఆకులో ఇలా ఉంది: "గేదె చచ్చిపోయింది. నాకు పాలు పడటం లేదు. చంటిది ఏడుస్తోంది."

పేరిందేవి ఆ ఆకును తిప్పి తిప్పి చూసింది. అక్షరాలు మరీ కుదురుగా ఉన్నాయి. ఆకలితో ఉన్న మనిషి ఇంత కుదురుగా రాస్తుందా? రాయకూడదని ఎక్కడుంది? నమ్మబుద్ధి కాలేదు, కాదనడానికి మనసొప్పలేదు.

"నీకెందుకా తర్జనభర్జన? నిజమైన దుఃఖాన్ని శాస్త్రి ఇట్టే పట్టేస్తాడు" అన్నాడు రాజు.

"అయితే ప్రభూ, తమ దుఃఖం ఒకటి చెప్పండి. పేరు లేకుండా రాస్తాను. శాస్త్రిగారు అది నిజమంటే నేనిక నోరెత్తను."

రాజు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. ఆమె రాసుకుంది.

సభలో శాస్త్రి మొదట పాల ఆకు అందుకున్నాడు. "గేదె చస్తే కళేబరమేదీ? చంటిది ఏడిస్తే విన్నవాళ్లేరీ? అబద్ధం!"

రెండో ఆకు చదివి పకపకా నవ్వాడు. "'చిన్నప్పుడు పెంచుకున్న బాతు చచ్చిపోయింది. ఇరవై ఏళ్లయినా చెరువు కనబడితే మొహం తిప్పుకుంటాను.' ఆహా! బాతు కోసం ఇరవై ఏళ్లు ఏడ్చే మొనగాడు ఈ భూమ్మీద పుట్టలేదు. వీడికి పది కాదు, ఇరవై దెబ్బలు!"

రాజు మొహం కందగడ్డయింది.

"శాస్త్రీ, దాని పేరు గున్న" అన్నాడు మెల్లగా.

పేరిందేవి చేతులు కట్టుకుని, "కొరడా తెప్పించమంటారా ప్రభూ?" అంది.

రాజు ఆమెను గుడ్లురిమి చూశాడు. చూస్తూ చూస్తూనే పొట్ట పట్టుకుని నవ్వాడు. "కొరడా అటకెక్కించండి! అది సరే, మళ్లీ ఎవడైనా నన్ను మోసం చేస్తేనో?"

"చేస్తాడు ప్రభూ. మనకొక బుట్టెడు గింజలు పోతాయి. నిజంగా ఏడ్చేవాళ్లను కొడితే ఏం పోతుందో నాకు తెలీదు."

"ఏం కావాలో కోరుకో."

"ఒక పాడిగేదె."

పాల ఆకును మళ్లీ సంతచావడి తాడుకు వేలాడదీసి, ఆ గేదెను తీసుకెళ్లి దాని కింద కట్టింది. సాయంత్రానికి గేదె లేదు. సంతలో ఎవరో దాన్ని అమ్మేశారని ఒకరన్నారు. ఏటి అవతల ఒక గుడిసె ముందు చూశామని ఇంకొకరన్నారు.

అడిగితే తెలిసేదే. అడగకూడదని ఆ సాయంత్రమే అనుకుంది పేరిందేవి. బతికినన్నాళ్లూ అడగలేదు.