గంజి కట్టు

ఏసుపాదం కుడి మోకాలు మూడేళ్ళుగా మొత్తుకుంటూనే ఉంది. అతను వినిపించుకోలేదు. వింటే కూడు పోతుంది.

పద్నాలుగేళ్ళుగా బాస్కెట్‌బాల్ ఆడి బతుకుతున్న మనిషి. ఆట అతనికి అన్నం పెట్టింది, కాదనకూడదు. కానీ ఊరికే పెట్టే చెయ్యి కాదది. ఇప్పుడు ముప్పైమూడేళ్ళు వచ్చాయి. బుధవారం రెండు గంటలు ఆడి చూపించమంది క్లబ్బు. కాలు తడబడకపోతే ఇంకో ఏడాది ఉంచుకుంటారు. తడబడితే సామాను సర్దుకోవడమే. ఇంటర్ మధ్యలో వదిలేసి ఆటలో పడ్డవాడికి ఇంకో పని ఏం వస్తుంది?

అందుకే ఆదివారం పొద్దున్నే బాపట్ల వచ్చి, తనకు ఆట నేర్పిన ఖాజా మాస్టారి ఇంటి ముందు నిలబడ్డాడు.

మాస్టారి కట్టంటే చుట్టుపక్కల జిల్లాల ఆటగాళ్ళందరికీ తెలుసు. పాత గ్లాస్కో పంచెను పీలికలుగా చించి, చిక్కటి గంజిలో ముంచి, మోకాలికి బిగించి చుట్టి ఎండలో ఆరబెడతాడు. ఆరిందంటే కర్రే. ఎంత వదులైన కీలైనా ఆ పూటకి కదలదు.

"ఏంరా, ఇంకా పెరుగుతూనే ఉన్నావా?" అంది మాస్టారి భార్య రబియాబీ. "వంగి రా నాయనా. పోయినసారి నీ తల తగిలి ద్వారబంధం అదిరింది."

ఏసుపాదం నవ్వాడు కానీ, వసారా మెట్లు మూడూ స్తంభం పట్టుకునే ఎక్కాడు. మాస్టారు అది చూశాడు.

"ఎన్ని సూదులు పొడిపించుకున్నావు?"

"ఈ ఏడాది ఆరండీ."

"డాక్టరేమన్నాడు?"

"వాళ్ళు భయపెడతారు కదా మాస్టారూ."

"ఏమన్నాడని అడిగా."

"ఇంకో ఏడాది ఆడితే ఇక కాలు మడతపడదన్నాడు." ఏసుపాదం తల దించుకున్నాడు. "బుధవారం ఒక్కరోజు నిలబెట్టండి చాలు. పైన నీక్యాప్ వేసుకుంటాను. ఎవరికీ కనపడదు."

మాస్టారు లోపలికి వెళ్ళి గంజి గిన్నె, పీలికలు తెచ్చుకున్నాడు. వచ్చి ఎడమ కాలి ముందు కూర్చుని చుట్టడం మొదలుపెట్టాడు.

"మాస్టారూ, నొప్పి కుడిదానికి."

మాస్టారు చుడుతూనే ఉన్నాడు.

పెద్దాయనకి చూపు మందగించిందనుకున్నాడు ఏసుపాదం. "అది మంచి కాలండీ," అన్నాడు గట్టిగా.

"చెవుడు లేదురా నాకు."

కట్టు పూర్తయింది. మాస్టారు ఆ కాలిని ఎండలోకి చాపించి, అది ఆరేదాకా పక్కనే కూర్చున్నాడు. ఆరాక వేలితో తట్టి చూశాడు. చెక్కలా మోగింది.

"లే. ఆ మూడు మెట్లూ దిగు. దిగితే కుడిదానికీ కడతాను. స్తంభం ముట్టుకోకూడదు."

ఏసుపాదానికి ఒళ్ళు మండింది. వేలమంది చూస్తుండగా గాల్లోకి లేచినవాణ్ణి మూడు మెట్లు దిగమంటాడా! విసురుగా లేచాడు. కట్టిన కాలు కర్రలా బిగుసుకుపోయింది. దాన్ని ముందుకు చాచి కింది మెట్టు మీద పెట్టాలంటే, పైనున్న కుడి మోకాలు ఒంటరిగా ఒళ్ళంతా మోస్తూ వంగాలి.

వంగలేదు. లోపల ఏదో పుటుక్కుమంది. మనిషి కూలబడ్డాడు. మోచెయ్యి గచ్చుకి గీసుకుపోయింది.

రబియాబీ "అయ్యో అల్లా" అంటూ పరుగెత్తుకొచ్చింది. మాస్టారు చెయ్యెత్తి ఆపాడు.

ఏసుపాదం మళ్ళీ లేచాడు. మళ్ళీ కూలబడ్డాడు. మూడోసారి లేవలేదు. చెమటతో తడిసిన ముఖం పైకెత్తి అరిచాడు.

"నన్ను చూసి నవ్వడానికా ఇది? ఆట తప్ప నాకేం వచ్చు? మీరే కదా ఇంకేదీ నేర్చుకోనివ్వంది!"

మాస్టారు ఆ మాటని పక్కకి తోసెయ్యలేదు. మెల్లగా వచ్చి పై మెట్టు మీద, అతని పక్కనే కూర్చున్నాడు.

"నేనే. పదహారేళ్ళప్పుడు అదే మోకాలు వాచి వచ్చావు. కట్టు కట్టి జిల్లా ఫైనల్‌కి పంపాను. నువ్వు కప్పు తెచ్చావు. దండ నా మెడలో వేశారు." కుడి మోకాలి వంక చూశాడు. "ఆ కాలిని మనిద్దరం కలిసే అమ్మేశాంరా."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయారు.

మాస్టారు ముడి దగ్గర గోరు దూర్చి, ఎండిన పీలికని పెళపెళా ఊడదీయడం మొదలుపెట్టాడు. ఒక్కో చుట్టుకీ మోకాలు కొద్దికొద్దిగా బయటపడుతోంది.

"మరి నాకేం మిగిలింది మాస్టారూ?"

ఆఖరి పీలిక ఊడింది. మాస్టారు ఆ ఎడమ మోకాలి మీద అరచెయ్యి ఆనించాడు.

"ఇది," అన్నాడు.