అలివేలు పంపిన మూడు కార్డులు

అనగనగా ఒక ఊళ్ళో అలివేలు అని ఒకావిడ ఉండేది. దుప్పటి కప్పుకుని ఊ కొట్టు మరి. నువ్వు ఊ కొట్టకపోతే నా కథ అక్కడే కూలబడుతుంది.

ఆ అలివేలు చేత్తో కార్డులు చేసేది. కొట్లో అమ్మేలాంటివి కావు. దళసరి కాగితం కత్తిరించి, మైదాపిండి ఉడికించి జిగురు కాచి, చిరిగిన పట్టుచీరల అంచులూ, ఎండబెట్టిన పువ్వులూ, తళుకులూ అంటించి చేసేది. పుట్టినరోజుకి ఒక రకం, పెళ్ళిరోజుకి ఒక రకం. గృహప్రవేశమైతే తలుపు తీసి లోపలికి తొంగిచూసే కార్డు. కొత్తగా బడిలో వేసిన పిల్లలకి పలక కార్డు. జ్వరం తగ్గి లేచినవాళ్ళకి తులసాకు అంటించిన కార్డు. ఊళ్ళో ఎవరింట ఏ శుభం జరిగినా ముందు అలివేలు అరుగెక్కేవాళ్ళు. ఆవిడకి పని బాగా వచ్చు. వచ్చన్న సంగతి ఆవిడకి ఇంకా బాగా తెలుసు.

అలివేలుకి ఒక అక్క ఉంది. పేరు నాంచారమ్మ. రెండు వీధుల అవతల, మొగుడు రాఘవులుతో కాపురం. వీళ్ళ చిన్నతనంలోనే అమ్మ పోతే, చెల్లెల్ని నాంచారమ్మే ఎత్తుకుని పెంచింది. పొయ్యి దగ్గర ఒకరు ఉండాలి కదా. అందుకని అక్క ఇంట్లో ఉండిపోయింది, చెల్లెలు బడికి వెళ్ళింది. అక్కకి అక్షరం ముక్క రాదు. కానీ లాలిపాట వచ్చు. ఆ ఇంట్లో ఏ బిడ్డ పుట్టినా నాంచారమ్మ ఉయ్యాలలో వేసి లాలి పాడాల్సిందే. అలివేలు కూతురు సుభద్రకీ ఆవిడే పాడింది.

ఇలా ఉండగా ఆ సుభద్రకి ఆడపిల్ల పుట్టింది. బారసాల పెట్టుకున్నారు. అప్పుడు అలివేలు కుంకుమ భరిణె పట్టుకుని పిలుపులకి బయల్దేరింది. ఎదురింటావిడకి బొట్టు పెట్టి పిలిచింది. పక్కింటావిడకి పెట్టింది. వీధి చివర నిన్నగాక మొన్న అద్దెకి దిగినావిడకి కూడా పెట్టింది. అక్క ఇంటి వైపు మలుపు దగ్గరికొచ్చి ఆగింది. అక్కకి బొట్టేమిటి అనుకుంది. బొట్టు ఊరందరికీ పెడతాం, మా అక్క ఊరందరిలో ఒకతా? ఇంకెవరికీ చెయ్యనిది అక్కకి చెయ్యాలి. అలా అనుకుని వెనక్కి తిరిగొచ్చేసింది.

ఆలోచన మంచిదే చిట్టీ. కాళ్ళకి పని తప్పించే ఆలోచనలన్నీ మంచివిగానే కనబడతాయి.

ఆ తర్వాత అలివేలు కూర్చుని ఉయ్యాల కార్డు చేసింది. తెరిస్తే లోపల చిటికెడంత కాగితపు ఉయ్యాల లేచి నిలబడుతుంది. దారం లాగితే ఊగుతుంది. నాలుగు మూలలా పసుపు రాసింది. పాలు పోసే పుల్లమ్మ చేతికిచ్చి, "మా అక్కకి ఇచ్చి, ఏమంటుందో విని రా" అంది.

పుల్లమ్మ వెళ్ళింది, వచ్చింది.

"ఏమందే?"

"చూసిందమ్మా. దారం లాగి చూసింది. గూట్లో పెట్టింది."

"పెట్టి?"

"మంచిది, అంది."

అక్కకి కోపమొచ్చిందని అలివేలుకి అర్థమైంది. కోపమొస్తే అరిచేవాళ్ళతో ఏ బాధా లేదు, అరిచి అన్నానికి లేస్తారు. నాంచారమ్మ అరవదు. మంచిది అంటుంది. వెనకెప్పుడో ఆడపడుచుతో ఒకసారి మంచిది అని, ఏళ్ళ తరబడి ఆ గుమ్మం తొక్కలేదు.

అక్కకి ఎందుకు కోపమొచ్చిందో నీకు తెలిసిపోయింది కదూ. ఊరికే నవ్వకు. అలివేలుకి తెలియలేదు. కార్డులో ఉయ్యాల ఉంది గానీ మాటలు తక్కువయ్యాయి అనుకుంది.

అప్పుడు రెండో కార్డు చేసింది. చుట్టూ పట్టు అంచు, మధ్యలో గుండ్రటి అక్షరాలు. పూజ్యులైన అక్కగారికి అని మొదలుపెట్టి, తమరి శుభాగమనాన్ని సకుటుంబంగా అభిలషిస్తున్నాము అని ముగించింది. మళ్ళీ పుల్లమ్మే పట్టుకెళ్ళింది. ఆ వేళకి రాఘవులు ఇంట్లోనే ఉన్నాడు. అరుగు మీద కూర్చుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పెళ్ళానికి చదివి వినిపించాడు.

నాంచారమ్మ అంతా విని, "తమరంటే ఎవరు?" అని అడిగింది.

"నువ్వేనే."

"ఏమే అక్కా, ఏమే అక్కా అని నా కొంగు పట్టుకు తిరిగిన పిల్లకి నేను తమరునయ్యానా. మంచిది."

పుల్లమ్మ ఆ మాటని పాలచెంబుతో పాటు జాగ్రత్తగా మోసుకొచ్చి అలివేలు ఇంట్లో పోసింది. లోపల పిల్లకి పాలిస్తున్న సుభద్ర కూడా విన్నది.

"అమ్మా, పెద్దమ్మ వచ్చి వేస్తేనే పాప ఉయ్యాల ఎక్కుతుంది" అంది సుభద్ర. "లేదంటే నా ఒళ్ళోనే ఉంటుంది. వచ్చినవాళ్ళు తాంబూలం పుచ్చుకుని వెళ్ళిపోతారు."

"అట్లా అంటే ఎట్లాగే?"

"నువ్వు వెళ్ళి మాట్లాడి రారాదూ? రెండు వీధులేగా."

"వెళ్ళి ఏం మాట్లాడను? నోటికి మాట రాదు. కాగితం మీదైతే రాయగలను" అంది అలివేలు. భయం పట్టుకుంది ఆవిడకి. అక్క లాలి లేకుండా ఆ ఇంట్లో ఏ బిడ్డా నిద్రపోలేదు. తన మనవరాలికి తన చేజేతులా ఆ పాట లేకుండా పోతుందేమోనని భయం.

ఆ తర్వాత మూడో కార్డు చేసింది. రేపు బారసాల అనగా చేసింది. క్షమించమని అడిగేదానికి తళుకులెందుకని మానేసింది. పువ్వులు మానేసింది. పసుపు శుభానికి గానీ తప్పుకి కాదు కదా అని, మూలలకి పసుపు కూడా రాయలేదు. తెల్లకాగితం మీద, నన్ను క్షమించు అని రాసి, మరీ బోసిగా ఉందని చుట్టూ సన్నటి నల్లగీత గీసింది. గీత చాలా తిన్నగా వచ్చింది.

నల్లంచు కాగితం ఎప్పుడొస్తుంది చిట్టీ? పసుపు లేకుండా ఏ కబురొస్తుంది? ఎవరో పోతే వస్తుంది. దాన్ని గుమ్మం దాటనివ్వరు, బయటే చదివి చించేస్తారు. ఊళ్ళో అన్ని సందర్భాలకీ కార్డులు చేసే మనిషికి ఆ ఒక్క సందర్భం గుర్తుకు రాలేదు.

పుల్లమ్మ వెళ్ళేసరికి రాఘవులు పొలంలో ఉన్నాడు. నాంచారమ్మ పొయ్యి మీద అన్నం పడేసి, పిండి కలుపుతోంది. కాగితం చూసింది. నల్లంచు చూసింది. మూలలు చూసింది.

"ఏం రాసుందే?" అంది.

"నాకేం తెలుసమ్మా, నాకూ రాదుగా" అంది పుల్లమ్మ.

నాంచారమ్మ ఆ పిండి చేతులతోనే లేచి పరిగెత్తింది. చెప్పులు వేసుకోలేదు. జుట్టు ఊడిపోయింది. ఎవరో ఏమైందని అడిగారు. వినిపించుకోలేదు.

అలివేలు అరుగు మీద రంగుకాగితాల తోరణం కత్తిరిస్తోంది. తలెత్తేసరికి ఎదురుగా అక్క.

"పాపేదే?"

"లోపల నిద్రపోతోంది."

నాంచారమ్మ లోపలికి వెళ్ళింది. పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. పొట్ట లేస్తోందా అని చూసింది. పిల్ల ఆవులించింది. అప్పుడు నాంచారమ్మ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.

"నల్లంచు కాగితం పంపుతావుటే" అంది. "పసుపన్నా లేకుండా. నాకు చదవడం రాదని నీకు తెలియదుటే."

తెలుసు. తెలిసీ మర్చిపోయింది. తన చేతికి అక్షరాలొచ్చాయంటే, అది అక్క చేతులు పొయ్యి దగ్గర ఉండిపోవడం వల్లేనని కూడా మర్చిపోయింది. అలివేలుకి సిగ్గేసింది.

నాంచారమ్మ కళ్ళు తుడుచుకుంది. జుట్టు ముడేసుకుంది. గుమ్మం వైపు నడిచింది.

"అక్కా, ఎట్లాగూ వచ్చావు. ఉండిపో" అంది అలివేలు.

"ఎవరు పిలిచారని ఉండను? పిలవని పేరంటానికి నేను రాను. పిల్లకి ఏమైందో అని వచ్చాను. బాగానే ఉంది. మంచిది."

అని వెళ్ళిపోయింది.

పిలవని పేరంటం అన్న మాట దగ్గర అలివేలుకి కళ్ళు తెరుచుకున్నాయి. గూట్లో కుంకుమ భరిణె ఉంది. ఎదురింటికీ పక్కింటికీ వెళ్ళొచ్చి, మలుపు దగ్గర ఆగిపోయిన భరిణె. దాన్ని చేతిలోకి తీసుకుని అక్క వెనకే వీధిలోకి దిగింది.

ముందు అక్క, వెనక చెల్లెలు. అక్క వెనక్కి తిరగదు, చెల్లెలు పిలవదు. ఊరంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. నాంచారమ్మ ఇంట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసేసుకుంది. అలివేలు బయటే నిలబడింది. లోపల గిన్నెల చప్పుడైంది. తర్వాత నీళ్ళ చప్పుడైంది. ఆ చప్పుడు ఆగాక, "అక్కా" అని పిలిచింది.

తలుపు తెరుచుకుంది.

"ఎవరూ, అలివేలా? ఇప్పుడేనా రావడం? రా, లోపలికి రా" అంది నాంచారమ్మ, ఆ పొద్దు చెల్లెల్ని చూడనే లేదన్నట్టు. చాప పరిచింది. మంచినీళ్ళిచ్చింది. పొయ్యి మీద అన్నం మాడిన వాసన ఇల్లంతా నిండి ఉంది. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

గూట్లో దీపం పక్కన మొదటి కార్డు తెరిచి ఉంది. కాగితపు ఉయ్యాలలో ఎవరో ఒక మల్లెమొగ్గ పడుకోబెట్టారు.

అలివేలు భరిణె మూత తీసి తలెత్తింది. అక్క ముఖం కడుక్కుని ఉంది. జుట్టు నున్నగా దువ్వి ముడేసుకుని ఉంది. నుదుటి మీద బొట్టు మాత్రం లేదు. ఎన్నడూ బొట్టు లేకుండా ఉండని నాంచారమ్మ, ఆ కాస్త చోటూ చెల్లెలి కోసం ఖాళీగా ఉంచింది.

అలివేలు కుంకుమ వేలికి అద్దుకుంది. బొట్టు గుండ్రంగా పెట్టింది.

"రేపు మన మనవరాలి బారసాల. నువ్వూ బావా రావాలి. నువ్వే ఉయ్యాలలో వెయ్యాలి. నువ్వు రాకపోతే ఎట్లాగే అక్కా?"

"మంచిది" అంది నాంచారమ్మ.

అదే మాట చిట్టీ. అక్షరం తేడా లేదు. కానీ ఈసారి అలివేలు అక్క ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది, అక్క ఊరుకోమనలేదు.

మర్నాడు నాంచారమ్మ అందరికంటే ముందొచ్చింది. పాపని ఉయ్యాలలో వేసింది. లాలి పాడింది. పాట సగంలోనే పాప నిద్రపోయింది, అచ్చం నీలాగే.

ఆ తర్వాత కూడా అలివేలు కార్డులు చేస్తూనే ఉంది. కాకపోతే ఎవరైనా పిలుపు కార్డు కావాలని అరుగెక్కితే, "అయినవాళ్ళకి బొట్టు పెట్టొచ్చారా?" అని అడిగేది. లేదంటే కత్తెర ముట్టుకునేది కాదు. వెళ్ళి పెట్టిరండి, మీరు వచ్చేలోపు జిగురు కాస్తాను అనేది.

ఊ కొట్టడం ఆపేశావా? సరే.

కార్డు గూటికి చేరింది,
బొట్టు నుదుటికి చేరింది,
పాప ఉయ్యాల చేరింది,
కథ కంచికి చేరింది.
మనం ఇంట్లోనే ఉన్నాం కదా,
ఇక నీ కంటికి నిద్ర చేరాలి.