కుళ్లాయప్ప గేటు

“సార్, అందరి గేటూ పడతాది. నాది మాత్రం యాల పడదు?” అని కుళ్లాయప్ప ఒక సాయంత్రం ఓబులేసు మాస్టారును అడిగాడు.

ఓబులేసు మాస్టారు ఒకప్పుడు మోటోక్రాస్‌లో, అంటే మట్టి దిబ్బల మీద మోటారుసైకిళ్లు ఎగిరించే పందెంలో, దేశం మొత్తానికి మొనగాడు. తన ఒంట్లో విరగని ఎముక ఉంటే వెతికి చూపించమని తనే నవ్వుతూ అంటాడు. పందేలు మానేశాక అనంతపురం శివార్లలో ఎర్రమట్టి ట్రాక్ ఒకటి వేసుకుని, వచ్చినవాళ్లకు నేర్పుతూ హాయిగా ఉన్నాడు. ఆయనకొక అలవాటుంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు, పని చెబుతాడు.

శిష్యులందరిలోకీ వేగం కుళ్లాయప్పదే. అతని బండి గాల్లోకి లేస్తే చూసేవాళ్లు ఊపిరి బిగబట్టేవారు. అయినా జాతీయ పోటీల్లో ఏటా రెండో స్థానమే. ఈసారీ టైటిల్ రాకపోతే బండి తిరిగి ఇచ్చేయమని అతణ్ణి పోషిస్తున్న జట్టువాళ్లు మొహం మీదే చెప్పేశారు. బండి పోతే ఇక తన అన్న దగ్గర రాళ్ల ట్రాక్టరు తోలుకోవడమే. ఆ దిగులుతో అతనికి తిండి సయించడం లేదు. కోపమంతా గేటు మీద చూపిస్తున్నాడు.

పందెం మొదలయ్యే చోట ఒక్కో రైడరు ముందు ఒక్కో ఇనుప కడ్డీ అడ్డంగా నిలిచి ఉంటుంది. అదే గేటు. పక్కనున్న మనిషి మీట లాగగానే అన్నీ ఒక్కసారి పడిపోతాయి, బళ్లు దూకుతాయి. కుళ్లాయప్ప ముందున్నది మాత్రం చాలాసార్లు మొరాయించేది. మిగతావాళ్లు మొదటి మలుపు తిరిగేసరికి ఇతగాడు ఇంకా గేటుతో కుస్తీ పడుతుండేవాడు. తుప్పన్నాడు, మీట లాగేవాడి కుట్ర అన్నాడు, చివరికి తన జాతకమే అన్నాడు.

మాస్టారు అంతా విని, “రేపు కొత్తోళ్లు వస్తారు. మీట నువ్వు లాగప్పా,” అన్నాడు.

మర్నాడు వచ్చిన కొత్తవాళ్లలో శేషశయనం గారని ఒక బ్యాంకు మేనేజరు ఉన్నాడు. పెద్ద పొట్ట, అంతకన్నా పెద్ద ఉత్సాహం. ముందు చక్రాన్ని గేటుకు ఆనించి ఇంజను ఒకటే మోత మోగించాడు. కుళ్లాయప్ప మీట లాగాడు. అందరి గేట్లూ పడ్డాయి, ఆయనది తప్ప.

“ఏందయ్యా ఇది? నాదొక్కటే పడలేదు. తుప్పు పట్టిందేమో చూడు!” అని ఆయన మండిపడ్డాడు.

కుళ్లాయప్ప దగ్గరికి వెళ్లి ఓపిగ్గా చెప్పాడు. “తుప్పు కాదు సార్. ఇది పడేది మన తట్టుకే. మీరు చక్రం ఆనించి తోస్తాంటే యాడికి పడతాది? జానెడు ఎనక్కి రాండి, అదే పడతాది.”

మేనేజరు వెనక్కి జరిగాడు. ఈసారి గేటు బుద్ధిగా పడింది, ఆయన కేరింతలు కొడుతూ వెళ్లిపోయాడు. కుళ్లాయప్ప మాత్రం మీట పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తెలియని సంగతేమీ కాదు, ట్రాక్ ఎక్కిన తొలిరోజే ఎవరికైనా చెప్పేదే. గెలవాలన్న ఆత్రంలో తన చక్రం ఎక్కడుందో అతనెన్నడూ చూసుకోలేదు, అంతే. సిగ్గేసింది. కాసేపటికి నవ్వూ వచ్చింది. మాస్టారు దూరంగా కుర్చీలో కూర్చుని టీ చల్లార్చుకుంటున్నాడు.

ఆ ఏడాది ఆఖరి పందెంలో కుళ్లాయప్ప చక్రాన్ని గేటుకు జానెడు ఇవతలే ఆపాడు. చుట్టూ బళ్లు రంకెలు వేస్తుంటే ఆ కాస్త దూరంలో ఆగి ఉండటం ఎంత కష్టమో అతనికే తెలియాలి. గేటు పడింది. మొదటి మలుపులో అతనే ముందున్నాడు, చివరి మలుపులోనూ అతనే. టైటిల్ వచ్చింది, బండి దక్కింది. మాస్టారును పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చూస్తున్నవాళ్లకూ కడుపు నిండినట్టయింది.

తిరుగు ప్రయాణంలో వ్యాను ఇంకా ఊరు దాటలేదు. కుళ్లాయప్ప ముందుకు వంగి మాస్టారు భుజం తట్టాడు.

“సార్, వచ్చే ఏడు కూడా నాదే కదా? ఆ పై ఏడు?”

మాస్టారు పకపకా నవ్వాడు.

“అప్పుడే ఆనిస్తివి కదప్పా చక్రం!”