రాజుగారి పులుసు

ఏ రాజ్యమో పేరు అడక్కండి గానీ, ఆ రాజ్యాన్నేలే వీరకేసరి మహారాజుకు వంటలో తనను మించినవాడు లేడని గట్టి నమ్మకం. ఆయన వండితే తిని మెచ్చుకోవడం ఆస్థానంలో వాళ్ల పని.

ఒక ఏడు నగరానికి కోటగోడ పూర్తయింది. ఆ సంతోషంలో ఊరంతా ఒక్కచోట కూర్చుని తినాలని రాజు ఆజ్ఞాపించాడు. ఆ ఏర్పాట్లన్నీ ఆస్థానంలో విందులు చూసే పేరిందేవి మీద పడ్డాయి.

పన్నెండు వీధులవాళ్లను ఒప్పించేసరికి ఆమెకు నెల పట్టింది. ముందు వరస మాకంటే మాకని సాలెవీధికీ కుమ్మరివీధికీ తగవు. పేరిందేవి విస్తళ్లన్నీ గుండ్రంగా వేయించింది. ఇక ముందూ లేదు, వెనకా లేదు. వీధికొక వంటకం చొప్పున పంచింది. ఎప్పుడూ కలిసి కూర్చోనివాళ్లు కలిసి పొయ్యిలు వెలిగించారు.

విందునాడు పొద్దున్నే రాజు ఆమెను పిలిపించాడు. ఎదురుగా గంగాళం నిండా ముక్కల పులుసు.

"నా చేత్తో పెట్టాను. రుచి చూడు."

పేరిందేవి ఒక చుక్క నాలిక మీద వేసుకుంది. కళ్ల వెంట నీళ్లు కారాయి. పులుసు ఉప్పుకషాయంలా ఉంది. సంగతేమిటంటే, రుచి చూసిన ప్రతివాడూ "అమృతం ప్రభూ!" అన్నాడు. అన్నప్పుడల్లా రాజు ఉత్సాహం పట్టలేక ఇంకో గుప్పెడు ఉప్పు వేశాడు.

"ఎలా ఉంది?"

"మాటలు రావడం లేదు ప్రభూ," అంది పేరిందేవి. అందులో అబద్ధమేమీ లేదు.

రాజు మీసం దువ్వాడు. "మొదటి ముద్ద అందరూ దీనితోనే తినాలి. విస్తట్లో చుక్క మిగిల్చినవాణ్ణి కోట దాటించేస్తాను!"

పేరిందేవి ఇంత కష్టపడి కూర్చోబెట్టినవాళ్లు మొదటి ముద్దకే లేచిపోతారు. లేవకపోతే మంచాన పడతారు. ఆమె తిన్నగా పొయ్యిల దగ్గరికి నడిచింది.

"ఎవరూ ఉప్పు వెయ్యకండి."

కుమ్మరివీధి పప్పు వండుతున్న గురవమ్మ గరిటె పట్టుకుని లేచింది. "చప్పిడి పప్పు పెడితే మా వీధి పరువేం కావాలమ్మా?"

"మీ పరువుకు పూచీ నాది. ఉప్పుజాడీ మూత తియ్యకు, చాలు."

మధ్యాహ్నం జనం విస్తళ్ల ముందు కూర్చున్నారు. బూరలు ఊదారు. పులుసు వడ్డించమని రాజు చెయ్యెత్తేలోగా పేరిందేవి ముందుకొచ్చింది.

"ప్రభూ, ఒక మనవి. వీధుల వంటకాలు విడిగా వడ్డించవచ్చు. ఏలినవారి వంటకం కూడా వాటి పక్కన ఒక వంటకమేనా? అది అన్ని వంటల్లోనూ ఉండాలి."

ఆ మాట రాజుకు తెగ నచ్చింది. "అలాగే కలుపు!"

పేరిందేవి గరిటె పట్టుకుని ఒక్కొక్క గుండిగ దగ్గర ఆగి, ఇక్కడ రెండు గరిటెలు, అక్కడ మూడు, రుచి చూసుకుంటూ పులుసు కలిపింది. వడ్డన మొదలైంది. జనం మారు అడిగి మరీ తిన్నారు. గురవమ్మ పప్పు గుండిగ అడుగంటా గీకేశారు.

రాజు ఛాతీ ఉబ్బింది. "చూశావా, నా పులుసు మహిమ! అన్నట్టు నేను రుచే చూడలేదు. ఆ మిగిలింది నాకు పొయ్యి."

"ప్రభూ, కలిపి తింటేనే..."

"పొయ్యమన్నాను!"

పోసింది. రాజు గుటక వేశాడు. ముఖం ఎర్రబడింది, కళ్లు తేలేశాడు. పొద్దున మెచ్చుకున్న ఆస్థానంవాళ్లంతా తలలు దించుకున్నారు. మూడు చెంబుల మజ్జిగ తాగాకగానీ రాజుకు మాట రాలేదు.

"పేరిందేవీ! ఇంత ఉప్పగా ఉందని నీకు తెలుసు. ఎందుకు చెప్పలేదు?"

పేరిందేవి చేతులు జోడించింది.

"ఒక్క గంగాళానికే ఇంత ఉప్పంటే పొరపాటు అనుకోవాలి ప్రభూ. మా ప్రభువు పొరపాటు చెయ్యరు కదా! పన్నెండు వీధుల వంటకూ కలిపి మీరే ఉప్పు వేశారనుకున్నాను."

రాజు ఒక్క క్షణం ఆమెను గుడ్లురిమి చూశాడు. తరవాత పొట్ట పట్టుకుని విరగబడి నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇక ఏటా ఈ విందు జరగాలి. అయితే వచ్చే ఏడు పులుసు ఎవరు పెట్టాలో నువ్వే చెప్పు."

"మీరే పెట్టాలి ప్రభూ," అంది పేరిందేవి. "ఉప్పు మాత్రం తినేవాళ్లు వేసుకుంటారు."