ముద్ర చెల్లదన్న వీరోజు

పూర్వం కేతవరం రాజ్యాన్ని ఇమ్మడి రాయుడనే రాజు ఏలేవాడు. మంచివాడే గాని, తన శాసనానికి తిరుగులేదని మహా గర్వం.

ఆ ఊరి కంచరవీధిలో రెండు వందల గడపలు. ముప్పై ఏళ్ల కిందట ఏటి అవతల కరువు వస్తే ప్రాణాలు దక్కించుకుని వచ్చినవాళ్లు. ఆనాడు కోట వాకిట కావలివాళ్లు జాలిపడి తలుపులు తీశారే గాని ఎవరి పేరూ రాసుకోలేదు. వాళ్లు ఇక్కడే బిందెలు, గంటలు చేసుకుని బతికారు. పిల్లల పెళ్లిళ్లు చేశారు, మనవలను ఎత్తుకున్నారు.

సోమయామాత్యుడనే కొత్త మంత్రి దస్త్రాలు తిరగేస్తే ఆ వీధివాళ్ల పేరు ఒక్కటీ లేదు. వెంటనే రాజుచేత శాసనం చేయించాడు. నివాసపత్రం లేనివారు పున్నమిలోగా రాజ్యం విడిచిపోవాలి. వారు చేసిన వస్తువేదీ రాజ్యంలో చెల్లదు.

మర్నాడు కంచరవీధి పెద్ద వీరోజు సభకు వచ్చాడు. నిండా అరవై ఏళ్లు, మాట నిదానం. వంగి దండం పెట్టి నిటారుగా నిలబడ్డాడు.

"వేడుకోవడానికి వచ్చావా?" అన్నాడు రాజు.

"లేదు ప్రభూ. ఒక అనుమానం తీర్చుకుని పోదామని వచ్చాను. మా చేతులతో చేసింది రాజుగారి వస్తువైనా చెల్లదా?"

మంత్రి మీసం సవరించుకున్నాడు. "ఎవరిదైనా సరే, చెల్లదు. శాసనానికి మినహాయింపు లేదు."

"అయితే రాజముద్ర ఒకసారి చూడండి ప్రభూ. పిడి అడుగున చిన్న చేప బొమ్మ ఉంటుంది. అది నా గుర్తు. ఐదేళ్ల కిందట పాత ముద్ర పగిలితే కోశాధికారి నాచేతనే చెక్కించారు."

రాజు ముద్రను తిరగేసి చూశాడు. చేప ఉంది.

"ఆ ముద్ర చెల్లకపోతే మమ్మల్ని పొమ్మన్న శాసనమూ చెల్లదు," అన్నాడు వీరోజు. "మంత్రిగారి నియామకపత్రం మీద ఉన్నదీ ఆ ముద్రే."

మంత్రి చెయ్యి మీసం మీద అలాగే ఆగిపోయింది. రాజు పగలబడి నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆపి, "మాట బాగుంది. మరి కోట వాకిలి తెరిచి పెట్టి ఎవరొచ్చినా రమ్మనమంటావా?" అని అడిగాడు.

"వద్దు ప్రభూ. వాకిలికి కావలి ఉండాల్సిందే. రేపు వచ్చేవాడి పేరు రాయించండి. ముప్పై ఏళ్ల కిందట వచ్చినవాణ్ణి మాత్రం నిన్న వచ్చినవాడిలా చూడకండి."

"చట్టం తప్పినవాళ్లను ఊరికే వదిలేయాలా?" అన్నాడు మంత్రి.

"పేరు రాయించుకోకపోవడం తప్పే. దానికి నెల రోజులు కోటపని చెప్పండి, ఇంటికొకరం వచ్చి చేస్తాం. ఊరు విడవడం మా వల్ల కాదు. నా కొడుకును దహనం చేసింది ఈ ఏటి ఒడ్డునే."

రాజు అందుకు ఒప్పుకుని, లేఖకుణ్ణి పిలిచి, "పరదేశులైన కంచరవీధి వారికి, మా దయవలన..." అని చెప్పబోయాడు.

"ప్రభూ, రెండు మాటలు తీసేయించండి," అన్నాడు వీరోజు. "పరదేశులు అన్నదీ, దయ అన్నదీ."

"అవి తీసేస్తే ఇంకేం మిగులుతుందయ్యా?"

"మా పేర్లు, ఈ ఊరి పేరు. అవి చాలు."

రాజు మళ్లీ నవ్వాడు. ఈసారి గంటం తానే అందుకుని మొదటి పేరు రాశాడు. తన చేతి బంగారు కంకణం తీసి వీరోజుకు తొడిగి, ఆస్థాన శిల్పిగా ఉండమన్నాడు.

వీరోజు పత్రం పట్టుకుని ఇంటికి వచ్చేసరికి భార్య అక్కమ్మ వాకిట్లో మూటలు కడుతోంది. కంకణం వైపు ఆమె చూడనే లేదు.

"పత్రంలో ఏమని రాశారు?" అంది.

"వీరోజు, కేతవరం."

ఇంకోసారి చదవమంది. విని, మూటలు విప్పి, పొయ్యి రాజేసింది.