కాళ్ళు ఆనని మేడలు

అనగనగా ఒక రాజ్యం. ఎక్కడుందంటారా? మీ తాతలూ వాళ్ళ తాతలూ బండి కట్టుకుని బయలుదేరినా చేరలేనంత దూరంలో ఉంది. దాని పేరు పింఛపురం. దానికి రాజు మకరంద భూపతి.

రాజు మంచివాడే పిల్లలూ. కోపం తక్కువ, దానం ఎక్కువ. కానీ ఒకచోట కుదురుగా కూర్చోలేడు. సింహాసనం మీద కూర్చుంటే కాళ్ళు ఊపుతాడు. భోజనానికి కూర్చుంటే రెండు ముద్దలు తిని కిటికీ దగ్గరకు పోతాడు. పడుకుంటే మంచం మార్చమంటాడు. ఆ మంచాన్ని ఈ గదికీ ఆ గదికీ మోసి మోసి భటుల భుజాలు కాయలు కాచిపోయాయి.

"ఈ కోటలో నాకు ఊపిరాడదు. కథల్లో ఉండే మేడ ఒకటి ఉంటే, నా మనసు అక్కడ నిలిచిపోతుంది," అనేవాడు.

కొలువులో కథలు చెప్పడానికి ఉల్లాసయ్య ఉండేవాడు. మేడలు కట్టడానికి గవరయ్య మేస్త్రీ ఉండేవాడు. ఏడు తరాలుగా తాపీ పట్టిన వంశం గవరయ్యది. వాళ్ళ ఇంట ఒక ఆచారం. ఎవరికి ఇల్లు కట్టినా, పునాది తవ్వకముందే ఆ ఇంట్లో ఉండబోయే మనిషిని నిలబెట్టి, చేతులు చాపించి, తాడుతో బార కొలిచి ముడి వేస్తారు. మనిషి బార ఎంతో ఎత్తూ అంతేనట. గుమ్మం ఎత్తు, అరుగు వెడల్పు, పొయ్యి ఎత్తు, అన్నీ ఆ తాడుతోనే.

ఒకనాడు రాజు గవరయ్యను పిలిచి, కథలోని మేడ కట్టమన్నాడు. మరి రాజుగారి ఒంటిమీద తాడు వేసే ధైర్యం ఎవరికుంది? గవరయ్య తాడు తీశాడు. భటుల ఈటెలు చూశాడు. తాడు మడిచి మళ్ళీ మొలలో దోపుకున్నాడు.

"కొలతలు ఎలాగ ప్రభూ?" అన్నాడు మెల్లగా.

"కథలో ఉన్నాయిగా! ఉల్లాసయ్యనడుగు," అన్నాడు రాజు.

మొదట గవరయ్య తామరపువ్వు మేడ కట్టాడు. రేకులే గోడలు. గంధర్వులు ఉండే మేడ కదా, మెట్లు గంధర్వుల కాళ్ళకు సరిపడా ఉండాలన్నాడు ఉల్లాసయ్య. ఒక్కో మెట్టు మోకాలెత్తు! గృహప్రవేశం నాడు ముందుగా ఆవును నడిపించబోయారు. ఆవు మొదటి మెట్టు చూసింది, తోక ఊపింది, వెనక్కి తిరిగి చక్కా పోయింది. రాజు మాత్రం కష్టపడి ఎక్కాడు. మూడు రోజులున్నాడు. నాలుగో నాడు దిగి వచ్చేశాడు.

"పువ్వు బాగుంది గానీ, ఏదో వెలితిగా ఉంది," అన్నాడు.

రెండోసారి శంఖం మేడ కట్టాడు. చుట్టూ తిరుగుతూ తిరుగుతూ లోపలికి వెళ్ళాలి. అందులో నాగకన్య ఉండేదట.

"ఆవిడ వంటిల్లు ఎటువైపయ్యా?" అని అడిగాడు గవరయ్య.

"నువ్వొకడివి! కథలో ఎవరైనా కూర తరుగుతారా?" అని నవ్వాడు ఉల్లాసయ్య.

గృహప్రవేశానికి పాలు పొంగించాలి. ఎక్కడ పొంగించాలో తెలియక నట్టనడుమ పొయ్యి పెట్టారు. పొగ బయటికి పోయే దారి దొరక్క చుట్లు చుట్లుగా తిరిగింది. పురోహితుడు దగ్గాడు. ఆ దగ్గు ఏడుసార్లు మారుమోగింది. అందరూ కళ్ళు నులుముకుంటూ బయటపడ్డారు. రాజు అక్కడా మూడు రోజులే ఉన్నాడు.

ఈసారి ఆయనకు నిజంగానే కోపం వచ్చింది.

"హంస మేడ కట్టు గవరయ్యా. అందులో కూడా నా మనసు నిలవలేదో, నీ తాపీ విరిచేస్తాను. నువ్వూ నీ వాళ్ళూ పొలిమేర దాటిపోవాలి."

పాపం, గవరయ్య ఇంటికొచ్చి కూర్చోలేకపోయాడు, నిలబడలేకపోయాడు. రాజు జబ్బు తనకూ అంటుకుందా అన్నట్టు సున్నం గానుగ చుట్టూ తిరుగుతున్నాడు. భార్య ఆదెమ్మ చూసి చూసి విసుక్కుంది.

"ఏమయ్యా, గానుగెద్దుకు సెలవిచ్చావా ఏంటి, నువ్వు తిరుగుతున్నావు?"

గవరయ్య సంగతంతా చెప్పాడు.

"నాకు పొయ్యి వేసిచ్చిన నాడు వంగమన్నావు, లేవమన్నావు, చెయ్యి చాపమన్నావు, పొద్దంతా నా ప్రాణం తీశావు. ఆ మహారాజును ఒక్కసారి నిలబడమని అడగలేవూ?"

"ఆయన రాజే!"

"అయితే? ఇంట్లో ఉండేది ఆయనా, ఆయన కిరీటమా?"

గవరయ్య మర్నాడు కొలువుకు వెళ్ళాడు. చేతులు జోడించి నోరు తెరిచాడు.

"ప్రభూ, రెండు మేడల తప్పూ నాదే. కథకు కొలత తీశాను, తమకు తీయలేదు. ఈసారి తమను కొలవనివ్వండి."

ఉల్లాసయ్య పకపకా నవ్వాడు. "రాజుగారేమైనా పట్టుబట్టలా మేస్త్రీ, మూరలు వేయడానికి?"

కొలువంతా నవ్వింది. గవరయ్య నవ్వలేదు.

"కొలవనివ్వకపోతే తాపీ ఇప్పుడే విరిచేయండి ప్రభూ. తెలియక రెండు తప్పులు కట్టాను. తెలిసి మూడోది కట్టలేను."

రాజు ఆశ్చర్యపోయి లేచి వచ్చాడు, చేతులు చాపాడు. నిలబడితేగా! ఒకసారి చిలుక అరిచిందని తిరిగాడు, తాడు జారింది. ఇంకోసారి వీపు గోక్కున్నాడు, మళ్ళీ జారింది. మూడోసారి ఊపిరి బిగబట్టి నిలిచాడు. గవరయ్య ముడి వేశాడు.

ముడి వేసి, తాడు వంక చూసి, సింహాసనం వంక చూశాడు. అతనికి సంగతి అర్థమైంది. ఆ ముక్క చెబితే తల పోవచ్చు. చెప్పకపోతే పొలిమేర దాటాలి. దాటినా ఫరవాలేదు గానీ, ఈ మనిషికి ఈ జన్మలో కుదురు ఉండదు.

"ప్రభూ, మామూలు మనిషి కంటే తమరి బార జానెడు తక్కువ. ఈ సింహాసనం మీద తమ కాళ్ళు నేలకు ఆనవు. భోజనాల బల్ల దగ్గరా ఆనవు. మంచం అంచున కూర్చున్నా ఆనవు. నేను కట్టిన రెండు మేడల్లోనూ ఆనవు. కాళ్ళు గాల్లో ఉన్న మనిషికి మనసు ఎక్కడ నిలుస్తుంది?"

భటుల చేతులు ఈటెల మీదికి వెళ్ళాయి.

రాజు తల వంచి తన పాదాలను చూసుకున్నాడు.

"ఇది మా తాతగారి సింహాసనం," అన్నాడు చివరికి. "ఆయన తాడిచెట్టంత మనిషి. నన్ను ఏడో ఏట ఎక్కించారు. పెద్దవాణ్ణయితే అందుతాయిలే అనుకున్నాను. అందలేదు. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు."

గవరయ్య హంస మేడ కట్టాడు. బయట చూస్తే అచ్చంగా కథే! మెడ వంచిన హంస, ముడిచిన రెక్కలే చూరు, కంటి చోట గుండ్రని కిటికీ. లోపల మాత్రం అంతా ఆ తాడు కొలతే. పీట, మంచం, మెట్టు, అరుగు, చివరికి నీళ్ళకుండ పెట్టే గట్టు కూడా. వంటిల్లు మాత్రం వంటమనిషిని నిలబెట్టి కొలిచాడు.

రాజు లోపలికి వెళ్ళాడు. గవరయ్య గుమ్మం బయట తాపీ పట్టుకుని నిలబడ్డాడు. ఒక రోజు గడిచింది. రెండో రోజు గడిచింది. మంచం మార్చమన్న కేక వినబడలేదు. మూడో రోజు ఉల్లాసయ్య వచ్చి, హుషారుగా స్ఫటికం మేడ కథ మొదలుపెట్టాడు.

"ఆగు. ఆ మేడలో కూర్చునే పీట ఎత్తెంత?" అన్నాడు రాజు.

ఉల్లాసయ్య తల గోక్కున్నాడు. "కథలో... పీట లేదు ప్రభూ."

"అయితే అక్కడ నిలబడే ఉండాలి, నావల్ల కాదు నాయనా. నన్ను తిననివ్వు," అని రాజు మూడోసారి పప్పన్నం వడ్డించుకున్నాడు.

తిని, చేయి కడుక్కుని, గుమ్మం బయటికొచ్చాడు.

"గవరయ్యా, ఇంకా ఇక్కడే ఉన్నావా? నీ తాపీ నీదే. ముందు వడ్రంగిని పిలిపించు. మా తాతగారి సింహాసనం కాళ్ళు జానెడు కోయించాలి!"

కాబట్టి పిల్లలూ, ఇంటి రూపం ఎంత వింతగానైనా ఉండవచ్చు గానీ, అందులో ఉండే మనిషిని కొలిచి, ఆ కొలతను భయపడకుండా చెప్పినవాడు కట్టిందే ఇల్లు.